లెక్క ఊరిది, గుట్టు ఇంటిది

(మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల గ్రామసభల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



ఇంటింటికి వచ్చి వివరములడుగు ఉద్యోగులు ఈ కాలమున పెక్కుమంది. ఇంటిలో ఎందరున్నారని ఒకరు, దగ్గు ఎన్ని వారములనుండి యున్నదని ఒకరు, పింఛను ఏ తరగతిదని ఒకరు, పెద్దకొడుకు పనికై ఏ ఊరు పోయినాడని మరియొకరు అడుగుదురు. "ఇవన్నియు మీకెందుకు? మేము చెప్పినది పదిమందికి తెలిసినచో మా గతి ఏమి?" అని మీరు ఎదురు ప్రశ్న వేయుట న్యాయమే. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. రెండవదానికి సమాధానము చెప్పుటకు కొంత లెక్క చేయవలసియున్నది. అయినను అది బడిపిల్లలు చేయు కూడిక, తీసివేతలను మించినది కాదు. కనుక ఓపికతో ఆలకింపగోరెదము.

లెక్క ఎందులకు?

మన పశ్చిమ ప్రకాశము వానలు తక్కువైన మెట్టప్రాంతము. అనేక గ్రామములలో బోరునీటియందు ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఆ మితి దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టుటయు, ఎముకలు వంగుటయు సంభవించును. ఏ ఊరికి రక్షిత మంచినీటి పథకము ముందుగా కావలెనో, అది ఎందరికి సరిపోవలెనో తేల్చునది లెక్కయే. పైరు పండని యేట ఎన్ని కుటుంబములు వలసపోయినవో తెలిసిననే గదా, వారి పిల్లల చదువునకు ఏర్పాటు చేయగలుగుట! దోర్నాల, యర్రగొండపాలెము వైపు నల్లమల గూడెములలో నివసించు చెంచు సోదరులలో ఎందరు గర్భవతులు, ఎందరు పసిబిడ్డలు ఉన్నారో తెలియనిచో, ఎన్ని మందులు పంపవలెనో ఎట్లు తెలియును?

లెక్క తప్పినచో నష్టపోవునది ఊరు. వంద ఇండ్లలో ఇరువది ఇండ్లవారు భయపడి అబద్ధము చెప్పినచో, ఆ అబద్ధమునకు తగినట్లే పథకమును తయారగును. క్షయరోగము మాటనే తీసికొందము. దానికి మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. పోషకాహారమునకై 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయల సహాయమును కలదు. అయినను "పిల్ల పెండ్లి చెడును" అని వెరచి రోగమును దాచు తల్లిదండ్రులు లేకపోలేదు. వారిని నిందించి ప్రయోజనము లేదు. రహస్యము నిలుచునన్న నమ్మకము కలిగించుట లెక్క అడుగువాని బాధ్యత. నమ్మకము లేనిచోట నిజము పలుకదు. నిజము లేనిచోట లెక్క పనికిరాదు.

చట్టము ఇచ్చిన మాట

ఈ నమ్మకమునకు మొదటి ఆధారము చట్టము. మన దేశమున జనాభా లెక్కలు 1872లో మొదలై, 1881 నుండి పదేండ్లకొకసారి జరుగుచు వచ్చినవి. 2021లో జరుగవలసినవి కరోనా వ్యాధి కారణముగా ఆగిపోయినవి. తరువాతి లెక్కకు 2027 మార్చి 1వ తేదీని ఆధార దినముగా కేంద్ర ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. ఈ పర్యాయము వివరములను కాగితముపై గాక మొబైలు యంత్రములో నమోదు చేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అందరి కులములను గూడ అడుగవలెనని నిర్ణయించిరి. కాగితము పోయి యంత్రము వచ్చినను, 1948 నాటి జనాభా లెక్కల చట్టము మాత్రము మారలేదు.

ఆ చట్టములోని 15వ విభాగము ప్రకారము, గణకుడు వ్రాసికొన్న పుస్తకమును గాని, పట్టీని గాని చూచు హక్కు ఎవరికిని లేదు. అందలి వివరమును భూమి తగాదాలోగాని, మరి ఏ ఇతర సివిలు వ్యాజ్యములోగాని సాక్ష్యముగా చూపుటకు వీలులేదు. తెలిసిన వివరమును అనుమతి లేక బయటపెట్టిన గణకునికి జుల్మానాయే గాక మూడు సంవత్సరముల వరకు ఖైదును 11వ విభాగము విధించుచున్నది. ఇంకొక విశేషము వినుడు. గణకుడడిగిన ప్రశ్నలకు నిజము చెప్పుట మన విధియే. కాని తన ఇంటి ఆడువారి పేర్లు చెప్పితీరవలెనని ఏ పురుషుని నిర్బంధింపరాదనియు, భర్త పేరుగాని, ఆచారము చొప్పున నోటరానిదైన మరియొకరి పేరుగాని చెప్పుమని ఏ స్త్రీని నిర్బంధింపరాదనియు 8వ విభాగము చెప్పుచున్నది. లెక్కకు కావలసినది మనుష్యుల సంఖ్యయే గాని, ఇంటి గుట్టు కాదని ఆ చట్టమును చేసినవారు ఆనాడే గ్రహించిరి.

తరువాతి కాలమున మరికొన్ని రక్షణలు చేరినవి. వ్యక్తిగత గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తీర్పు చెప్పెను. హెచ్.ఐ.వి. సోకినవారి వివరములను భద్రపరుపవలసిన బాధ్యతను, ఆ రికార్డులుంచు సంస్థలపై 2017 నాటి ప్రత్యేక చట్టము మోపినది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. కంప్యూటరులలోని వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో మరియొక చట్టము ఏర్పడినది.

పేరు కొట్టివేసిన చాలునా?

చట్టము తలుపునకు గడియ వంటిది. కాని గడియ వేసిన ఇంటిలోని మాట కిటికీనుండి వినబడవచ్చును గదా! "పేర్లు తీసివేసి అంకెలు మాత్రమే ప్రకటించుచున్నాము, ఇక భయమేమి?" అని ఉద్యోగులు తరచుగా అనుకొందురు. ఈ ఊహ చాలదని అమెరికాలో జరిగిన ఒక ఉదంతము తెలుపుచున్నది.

గత శతాబ్దము చివరి దశాబ్దమున, మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు, చిరునామాలు తొలగించి పరిశోధకులకు ఇచ్చిరి. అప్పటికి విద్యార్థినిగా నున్న లతన్యా స్వీనీ అను ఆమె ఒక నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొన్నది. రెండింటిలోను పుట్టినతేదీ, ఆడ మగ భేదము, తపాలా సంఖ్య సమానముగా నుండెను. ఆ మూడును సరిపోల్చి, ఆ రాష్ట్ర గవర్నరుగారి రోగముల వివరములను ఆమె గుర్తించెను. అంత పెద్ద నగరములో ఆ మూడు గుర్తులును కలిసిన మనిషి ఆయన ఒక్కడే. మనవంటి ఊళ్లలో మూడు గుర్తులు కూడ అక్కరలేదు. "నలుబది యేండ్ల వితంతువు, టైలరు పని" అన్నచాలు, ఊరంతయు ఆమె ఇల్లు చూపును.

కాలముతో మారు లెక్కకు గల అపాయము

ఇప్పుడు మేము చెప్పవలసిన ముఖ్య విషయమునకు వచ్చుచున్నాము. 1984లో కరణముల పద్ధతి రద్దగువరకు ఊరి లెక్క కరణముగారి పుస్తకములో నుండెడిది. ఏడాదికొకసారి జమాబందిలో తనిఖీ జరిగెడిది. నేడు లెక్కలు కంప్యూటరులో నున్నవి. అవి నెలనెలకును, కొన్ని దినదినమును మారుచున్నవి. మారు లెక్కలో, నిలుకడగానున్న లెక్కలో లేని అపాయమొకటి కలదు. అది తీసివేత.

ఒక ఊరిని ఊహించుకొందము. మార్చి నెలలో ఆ ఊరిలో క్షయకు చికిత్స పొందువారు 11 మంది అని పట్టీలో ప్రకటించిరి. ఏప్రిల్ పట్టీలో 12 అని వేసిరి. ఏ పట్టీలోను పేరు లేదు. వేటికవి చూచిన రెండును నిరపాయమైనవే. కాని 12లోనుండి 11 తీసివేసినచో మిగులునది 1. ఆ నెలలో హైదరాబాదు నుండి వలస తిరిగి ఊరు చేరిన కుటుంబము ఒక్కటే. ఆ ఇంటివాడు దగ్గుచున్నాడని అందరును వినియే యున్నారు. ఇక పేరెందులకు? కూడికలో దాగిన మనిషి తీసివేతలో బయటపడినాడు. ఊరి వారి అనుమానము ఒకవేళ తప్పైనను, ఆ అంకె దానికి సర్కారు ముద్ర వేసినట్లగును.

మన రాష్ట్రమున సామాజిక పింఛనులలో వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులే గాక, డయాలిసిస్ చేయించుకొను మూత్రపిండ రోగులకును, హెచ్.ఐ.వి.కి ఏ.ఆర్.టి. మందులు వాడువారికిని వేరు తరగతులు కలవు. అవసరమైన వారికి ప్రత్యేక సహాయమందుటకు ఆ తరగతులు ఏర్పడినవి. అయితే ఊరివారీగా, తరగతివారీగా, నెలవారీగా అంకెలను గోడపై అంటించినచో ఏమగునో మీరే ఆలోచింపుడు. పోయిన నెల 2, ఈ నెల 3 అని కనబడినంతనే రచ్చబండపై ఊహలు మొదలగును.

మన మార్కాపురపు పలకపై పాత అంకెను తుడిచి క్రొత్త అంకె వ్రాయవచ్చును. ప్రకటించిన లెక్క అట్టిది కాదు. ఒకసారి బయటికి పోయిన అంకె ఎవరో ఒకరి దగ్గర నిలిచియే యుండును. కనుక ఈ నెల పట్టీ క్షేమకరమా కాదా అని చూచునప్పుడు, దానినొక్కదానిని చూచిన చాలదు. ఇంతకుముందు ప్రకటించిన పట్టీలన్నిటి ప్రక్కన నిలిపి చూడవలెను.

ఎల్లలు మారినను ఇదియే అపాయము

కాలము మార్చునది మనుష్యుల సంఖ్యను మాత్రమే కాదు, ఊళ్ల లెక్క చేరు స్థానమును గూడ. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో నుండెను. పిమ్మట ఒంగోలు జిల్లాలో చేరెను; ఆ జిల్లాకు 1972లో ప్రకాశము అను పేరు వచ్చెను. 1985లో తాలూకాలు పోయి మండలములు ఏర్పడెను. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగెను. 2025 సంవత్సరాంతమున మార్కాపురము ముఖ్యస్థానముగా క్రొత్త జిల్లాను ఏర్పరచుటకు రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించెను.

పాత ఎల్లల చొప్పున ఒక పట్టీయు, క్రొత్త ఎల్లల చొప్పున మరియొక పట్టీయు ప్రకటించితిమనుకొందము. పాత పట్టీలో ఒక ప్రాంతమున ఒక అరుదైన రోగముగలవారు 64 మంది. ఎల్ల జరిగి ఒక్క గూడెము ఆవలికి పోయినది. క్రొత్త పట్టీలో 62 మంది. తీసివేసినచో ఆ గూడెమువారు 2. గూడెము పేరిట పట్టీ ఎన్నడును ప్రకటింపలేదు. అయినను గూడెము లెక్క తెలిసిపోయినది. పది ఇండ్ల గూడెమున ఇద్దరు ఎవరో కనుగొనుట ఎంత పని? అందుచేత ఎల్లలు మారినపుడెల్ల గణాంక శాఖలు ఈ తీసివేతను ముందుగా తామే చేసి చూచుకొనవలసి యుండును.

రక్షణోపాయములు

అపాయము తెలిసినది. ఇక ఉపాయములు చూతము. ఇవి శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరీక్షించి చూచినవి.

మొదటిది, చిన్న అంకెను చూపకుండుట. అయిదుకు తక్కువైన సంఖ్య వచ్చినచోట అంకెకు బదులు చుక్క పెట్టుదురు. కాని అదియొక్కటే చాలదు. ఒక మండలములో నాలుగు ఊళ్లు, మొత్తము 58. మూడు ఊళ్ల అంకెలు 21, 19, 15 అని చూపి, నాలుగవదాని చోట చుక్క పెట్టిరి. చూపిన మూడును కూడిన 55. మొత్తములో తీసివేసినచో చుక్క వెనుకనున్నది 3 అని తేలును. కనుక ఒక చుక్కకు తోడుగా రెండవ ఊరి అంకెను గూడ దాచవలెను. అంతేగాదు; ఈ నెల చుక్క పెట్టిన ఊరికి వచ్చే నెల 6 అని చూపి, ప్రక్కనే "ఈ నెల క్రొత్తవారు 3" అని వ్రాసినచో పోయిన నెల చుక్క వీడిపోయినట్లే. దాచినదానిని దాచియుంచుటకు ముందు నెలల పట్టీలను గూడ కాపాడవలెను.

రెండవది, కలిపి చూపుట. ఒక్క ఊరికి బదులు మండలమునకు, ఒక్క నెలకు బదులు మూడు నెలలకు లెక్క ప్రకటించినచో, ఒక మనిషి రాకపోకలు గుంపులో కలిసిపోవును. ధాన్యమును గింజగింజగా గాక బస్తాలతో కొలిచినట్లన్నమాట.

మూడవది, సరిచేసి చూపుట. 11ను, 12ను 10 అనియు, 13ను, 14ను 15 అనియు చూపుదురు. మన ఉదాహరణలోని ఊరికి రెండు నెలలును 10 అనియే పడును. తీసివేసినను ఏమియు మిగులదు. అయినను అంకె 12 నుండి 13కు పోయిన నెలలో పట్టీ 10 నుండి 15కు దుముకును. కనుక ఇదియు ఒంటరిగా పూర్తి రక్షణ కాదు.

బొమ్మ, బొరుసు

నాలుగవ ఉపాయము 1965లో స్టాన్లీ వార్నర్ అనువాడు ఆలోచించిన మార్గమునకు చెందినది. చెప్పుటకు సిగ్గుపడు సంగతులను అడుగునపుడు, అడుగువానికి గూడ నిజము తెలియకుండ ఊరి లెక్క తేల్చుట ఇందలి చమత్కారము. దాని సులభరూపము వినుడు.

200 మందికి తలా ఒక రూపాయి నాణెము ఇత్తుము. ప్రతివారును చాటున ఎగురవేసి చూచుకొందురు. బొమ్మ పడినవారు నిజము చెప్పవలెను. బొరుసు పడినవారు, నిజమేదైనను, "అవును" అనవలెను. ఎవరికేమి పడినదో మనకు తెలియదు. "అవును" అన్నవారు 120 మంది అనుకొందము. 200 మందిలో సుమారు 100 మందికి బొరుసు పడియుండును. వారి "అవును"లు 100. మిగిలిన 20 "అవును"లు బొమ్మ పడిన 100 మందివి. అనగా అయిదింట ఒకవంతు. కనుక ఊరంతటిలో సుమారు 40 మంది. ఊరి లెక్క తేలినది. ఏ ఒక్కరును "అవును" అన్నందుకు నింద పడనక్కరలేదు, ఏలయన ఆ మాట నాణెముదై యుండవచ్చును.

అయితే ఇక్కడను కాలము ప్రవేశించి చిక్కు తెచ్చును. అదే ప్రశ్నను అదే మనిషిని నెలనెలకును క్రొత్తగా నాణెమెగురవేయించి అడిగినచో ఏమగును? ఒక్కసారి "కాదు" అన్నవాని నిజము తేలిపోయినట్లే. పది నెలలు వరుసగా "అవును" అన్నవాని మాట నాణెపు మాట కానేరదు. ఏలయన పదిసార్లును బొరుసే పడుట 1,024లో ఒక్కసారి జరుగు వింత. ఒక నెలలో గట్టిగా నిలిచిన తెర పది నెలలలో చిరిగిపోయినది. అందుచేత మొదట పడిన బొమ్మనో, బొరుసునో అట్లే నిలుపుకొని ప్రతిసారియు దానినే వాడవలెనను నియమము పెట్టుదురు. అది మేలైనదే. కాని మనిషి స్థితియే మారి, నిన్నటివరకు "కాదు" అన్నవాడు నేడు "అవును" అన్నచో, ఆ మార్పే గుట్టును చెప్పివేయును. మారు లెక్కలో మార్పే అన్నిటికంటె పెద్ద రహస్యము. కావున ఎన్నిసార్లు అడుగవలెనో, ఎన్నిసార్లు ప్రకటింపవలెనో దానికి గూడ ఒక మితి యుండవలెను.

చెరువు నీరు వలె పొదుపు

ఈ మితిని గణితముచే కొలుచు విధానమును 2006లో సింథియా డ్వర్క్ మొదలైన శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. ప్రకటించు ప్రతి అంకెకును గుడ్డిగా తీసిన చిన్న ఎచ్చుతగ్గు చేర్చుదురు. ఒక మనిషి లెక్కలో ఉన్నను, లేకున్నను ఫలితము ఇంచుమించు ఒకే తీరుగ కనబడునంతగా ఆ ఎచ్చుతగ్గు ఉండవలెను. ప్రకటించు ప్రతి పట్టీయు గుట్టులో కొంతభాగమును ఖర్చు చేయునని వారు నిరూపించిరి. గుండ్లకమ్మకు కట్ట వేసి విజయనగర కాలమున నిర్మించిన మన కంభము చెరువును తలచుకొనుడు. తొలి తడికే నీరంతయు వదలినచో పంట చివర ఎండును. మొత్తము ఎన్ని తడులో ముందు నిర్ణయించి, ఒక్కొక్క తడికి ఇంతయని పంచుకొనవలెను. లెక్కలు ప్రకటించువారును అట్లే ఖర్చుకు గట్టు వేసికొనవలెను.

దినదినమును ప్రకటింపవలసిన లెక్కలకు 2010లో డ్వర్క్ మొదలైనవారు మరియొక పొదుపు మార్గము చూపిరి. దినములను రెండేసిగా, నాలుగేసిగా, ఎనిమిదేసిగా మూటలు కట్టి, ప్రతి మూటకును ఒక్కసారి మాత్రమే ఎచ్చుతగ్గు చేర్చుదురు. 1,024 దినములలో ఏ దినపు సంఖ్యయైనను 11 మూటలలో మాత్రమే చేరును. ఏ నాటివరకైనను మొత్తము తెలియుటకు 10 మూటలకు మించి కూడనక్కరలేదు. ఇట్లు గుట్టును నిలుచును, లెక్కయు మితిమీరి తప్పిపోదు. అమెరికా దేశము 2020 జనాభా లెక్కల ప్రకటనలో ఎచ్చుతగ్గు చేర్చు విధానమును అవలంబించెను.

ఈ ఉపాయములకు వెల లేదని మేము చెప్పము. పెద్ద పట్టణపు లెక్కలో మూడు హెచ్చినను తగ్గినను చిక్కులేదు. ముప్పదిమంది గల చెంచుగూడెములో మూడు తగ్గినచో పదింట ఒకవంతు మనుష్యులు మాయమైనట్లే. వారికి రావలసిన బియ్యము, మందులు తగ్గునను భయము సహజము. దీనికి పరిష్కారము రెండు పుస్తకములను వేరు చేయుట. సహాయమందించు పుస్తకములో పేరు, సంఖ్య ఉన్నవున్నట్లు ఉండును. అది మందులిచ్చు ఏ.ఎన్.ఎం. వంటి సంబంధిత ఉద్యోగి చేతిలో మాత్రమే యుండవలెను. లోకమునకు ప్రకటించు పట్టీ వేరు. ఎచ్చుతగ్గులు, చుక్కలు దానికి మాత్రమే. ఒకదానిని చూచి రెండవదాని పని చేయరాదు.

దాచరానిదియు కలదు

గోప్యత పేరుతో ప్రజాధనపు లెక్కను మరుగుపరచుట ఎవరికిని తగదు. రోడ్డుకు ఎంత ఖర్చయినది, కూలి డబ్బు ఎంత చెల్లించిరి, పనిచేయనివారి పేర మస్టరు వ్రాసిరా అని అడుగు హక్కు గ్రామసభకు కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టమును, మన రాష్ట్రమున ఉపాధి పనులపై జరుగుచు వచ్చిన సామాజిక తనిఖీలును అందులకే ఏర్పడినవి. డబ్బు ఊరిది కనుక డబ్బు లెక్క ఊరిముందుండవలెను. రోగము ఇంటిది కనుక రోగపు పేరు ఇంటిలో నుండవలెను. ఈ భేదమును గుర్తించుటయే వివేకము.

మనము చేయదగిన పనులు

గ్రామ సచివాలయ సిబ్బందికిని, పంచాయతీ పెద్దలకును మా మనవి ఇది. రోగము పేరు, పింఛను తరగతి చూపు జాబితాలను గోడపై అంటింపకుడు. వాటిని ఫోటో తీసి వాట్సాప్ గుంపులలో పెట్టకుడు. క్రొత్త పట్టీని ప్రకటించుటకు ముందు పాత పట్టీని ప్రక్కన పెట్టుకొని తీసివేత చేసి చూడుడు. శేషము ఒకటి, రెండు వచ్చినచో అది అంకె కాదు, ఒక ఇల్లు అని తలచి, పై అధికారులతో సంప్రదించి మూడు నెలలకో, మండలమునకో కలిపి ప్రకటింపుడు. ఆశా కార్యకర్తలు, గణకులు ఒక ఇంట విన్నది మరియొక ఇంట పలుకకుందురు గాక. ఏ కంప్యూటరు తాళమును ఈ తాళమునకు సరిరాదు.

అక్కచెల్లెండ్రకును, అన్నదమ్ములకును మా మనవి ఇది. గణకుడు వచ్చినపుడు గుర్తింపు పత్రము చూపుమని అడుగుడు. అది మీ హక్కు. బ్యాంకు ఖాతా రహస్య సంఖ్యను, ఫోనుకు వచ్చు ఓ.టి.పి.ని లెక్కల పేరుతో ఎవడైన అడిగినచో వాడు గణకుడు కాడని గ్రహింపుడు. వివరము ఎందులకని సందేహము కలిగినచో అడిగి తెలిసికొనుడు. తెలిసికొన్న పిమ్మట నిజము చెప్పుడు. మీ ఊరి నీటికి, బడికి, ఆసుపత్రికి ఆ నిజమే పునాది.

ఇరుగుపొరుగు వారికి గూడ ఒక మాట. పట్టీలో ఒక అంకె పెరిగినదని చూచి, ఆ ఒకటి ఎవరా అని వెదకుట మన పని కాదు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత మనకు క్రొత్తది కాదు. లంకకు చేటు తెచ్చినది శత్రువుల బలముకంటె బయటపడిన గుట్టని పెద్దలు చెప్పుదురు. ఒక ఇంటి గుట్టు బయటపడినచో, మరునాడు నూరిండ్లు నోరు మూసికొనును. అప్పుడు ఊరి లెక్క తప్పును. నీరు రావలసిన చోటికి రాదు, మందు అందవలసిన చేతికి అందదు. చెప్పువారు నిజము చెప్పి, వ్రాయువారు గుట్టు నిలిపి, చూచువారు అంకెను అంకెగా చూచినచో, మన ఊరి లెక్క ఊరికి మేలు చేయును. ఏ ఇంటికిని కీడు చేయదు.